వల అల్లే చేతికి మేజోళ్ళు

మా బందరులో మేజోళ్ళు వేసుకునేది బడిపిల్లలు, పోలీసులు, పెళ్ళికొడుకులు. ముగ్గురిలో ఒక్కరూ ఇష్టపడి వేసుకోరు. ఉప్పుగాలికి ఒళ్ళంతా జిడ్డుకట్టే ఊళ్ళో కాళ్ళకి కూడా గుడ్డ తొడగడం ఏ పాపానికి శిక్షో అనుకునేవాణ్ణి. మా ఆవిడ రొయ్యల షెడ్డులో చేరాక ఆ శిక్ష మా ఇంటికే వచ్చింది.

షెడ్డు బంటుమిల్లి రోడ్డులో ఉంది. చెరువుల్లో పట్టిన రొయ్యలకి అక్కడ తలలు తీసి, సైజుల వారీగా వేరుచేసి, ఐసులో పెట్టి పంపుతారు. నేలంతా ఎప్పుడూ చల్లటి నీళ్ళే. అందుకని ఆడవాళ్ళందరికీ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, బూట్లలో మేజోళ్ళు. మా ఆవిడ తలలు తీసే బల్ల దగ్గర మొదలుపెట్టి సైజులు చూసే బల్లకి ఎదిగింది. రొయ్యని చేతిలోకి తీసుకోగానే, తూకం అక్కర్లేకుండా, అది ఏ ట్రేలోకి వెళ్ళాలో చెప్పేస్తుంది. నేను దానికి మేనత్త కొడుకుని. నన్ను కూడా చిన్నప్పుడే అలా ఒక చూపు చూసి పక్కన పెట్టుకుందట. ఏ ట్రేలో పెట్టుకుందో ఇప్పటికీ చెప్పదు.

మొన్న వేసవికి ముందు దాని పాదాలు చెడ్డాయి. ముందు మేజోడు రబ్బరు పట్టిన చోట ఎర్రటి గీత. తర్వాత వేళ్ళ మధ్య తోలు ఊడటం. ఆపైన మడమలు పగిలి, చెప్పులు వేసుకున్నా కుంటడం. బందరు డాక్టరు గారు చూసి తేల్చేశారు: "నైలాను పడట్లేదమ్మా నీకు. అచ్చం నూలు మేజోళ్ళు కావాలి. రంగు ఉండకూడదు, ఎలాస్టిక్ ఉండకూడదు. అవి దొరికేదాకా బూట్లు వేసుకోకు."

షెడ్డు వాళ్ళ మాట ఇంకోలా ఉంది. బూట్లు లేకుండా లోపలికి రాకూడదు. పుళ్ళ కాళ్ళతో అసలే రాకూడదు. సూపర్‌వైజరు మాత్రం మంచి మాటే చెప్పాడు: "వేసవి చెరువులు పట్టుబడికొచ్చేలోపు వచ్చెయ్యమ్మా, నీ బల్ల నీదే. ఆ తర్వాతైతే నేను చెప్పలేను." అప్పటికే ఆ బల్ల దగ్గర ఇంకొకామె నిలబడింది.

బల్ల లేని మా ఆవిడ ఇంట్లో అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, కనపడినవన్నీ సైజులు తీయడం మొదలుపెట్టింది. ఉల్లిపాయలు పెద్దవి ఒక గిన్నెలో, చిన్నవి ఒక గిన్నెలో. తర్వాత ఎండు చేపలు. ఆ తర్వాత నా చొక్కా గుండీలు. నేను అడ్డం వెళ్తే నన్నూ ఎగాదిగా చూసేది. దానికి ఆ పని మీద ఉన్న ప్రేమ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. జీతం కోసమే వెళ్తోందనుకున్నాను.

సరే, నూలు మేజోళ్ళే కదా అని బజారుకి బయలుదేరాను. ఏ షాపుకి వెళ్ళినా ఒకటే మాట, "ప్యూర్ కాటన్ అండీ." మా ఇల్లు చిలకలపూడి పక్కనే. అక్కడ ఇంటింటా రోల్డుగోల్డు నగలు చేస్తారు. బంగారం కానిది బంగారంలా మెరవడం రోజూ చూస్తూనే ఉంటాను. కాకపోతే వాళ్ళు రోల్డుగోల్డుని రోల్డుగోల్డనే చెప్పి అమ్ముతారు.

నాది వలలు బాగుచేసే పని. వల పనివాడికి దారాన్ని నమ్మడం తెలియదు, కాల్చి చూడటమే తెలుసు. నూలైతే కాగితంలా మండి బూడిదవుతుంది. నైలానైతే కరిగి నల్లపూసవుతుంది. ఒక షాపులో జత కొని, అక్కడే కౌంటరు ముందు అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీశాను.

"ఏంటండీ ఏంటండీ! షాపు తగలబెడతారా?" అని షాపాయన కుర్చీలోంచి లేచాడు.

"షాపు కాదండీ, మీ మాటొకటి కాల్చి చూస్తున్నాను."

పోగు కరిగి పూసైంది. "ఇదిగోండి మీ ప్యూర్ కాటను. దుద్దు చేయించుకోవచ్చు."

ఆయనేం తక్కువ తినలేదు. "ఎలాస్టిక్ లేకపోతే కాలికి ఎలా నిలుస్తుందండీ? మొలతాడు కడతారా?"

 కాలిన మేజోళ్ళు జేబులో పెట్టుకుని వచ్చేశాను.

రెండోసారి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళినప్పుడు దొరికింది షాపాయన ప్రశ్నకి జవాబు. మా పక్క కుర్చీలో ఒక పెద్దావిడ. ఖద్దరు చీర, తోలు చెప్పులు, చెప్పుల్లో తెల్లటి మేజోళ్ళు. బయట ఎండకి తారు మెత్తబడుతోంది. నా నోరు ఊరుకుంటుందా?

"అమ్మగారూ, మీ వైపు మంచేమైనా పడుతోందా అండీ?"

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూశారు. "పడితే వణికేది నువ్వే అబ్బాయ్. నేను రెడీగా ఉన్నాను."

మా ఆవిడ ఫక్కున నవ్వింది. పని మానేశాక అది నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే వంగి ఆ మేజోడు అంచు చూసింది. రబ్బరు లేదు. కాలికి అంటుకుని ఉంది కానీ ఒత్తడం లేదు. "ఎక్కడ కొన్నారండీ?" అని అడిగింది.

"కొనలేదమ్మా. నూలు వడికింది నేనే, అల్లింది నేనే."

ఆవిడ గుడివాడలో టీచరుగా చేసి రిటైరై, అక్కడే ఉంటున్నారు. రోజూ కాసేపు రాట్నం మీద నూలు వడకడం వాళ్ళ నాన్నగారి నాటి నుంచీ ఉన్న అలవాటు. భర్త ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు కొండల్లో, చలిలో ఉన్నప్పుడు మేజోళ్ళు అల్లడం నేర్చుకున్నారు. మా గోడంతా విని, తన మేజోళ్ళు ఇచ్చేద్దామని చూశారు కూడా. కానీ ఆవిడది పిచ్చుక పాదం. మా ఆవిడది పడవ దిగి బురదలో నడిచిన వంశం. మేజోడు వేళ్ళ దగ్గరే ఆగిపోయింది.

"అల్లి ఇద్దామంటే కంటి ఆపరేషనైంది, కన్ను కష్టపెట్టొద్దన్నారు. నూలిస్తాను, నేర్పుతాను. ఎవరు నేర్చుకుంటారు?" అన్నారు.

మా ఆవిడ నా వైపు చూసింది. "వల అల్లే చేతులు ఆయనవండీ. నావి రొయ్య తలకాయలు తీసే చేతులు. నా చేతికిస్తే దేని తలకాయ తీస్తానో నాకే తెలీదు."

అలా ఆరో తరగతి సగంలో బడి వదిలి పారిపోయినవాణ్ణి, మళ్ళీ ఒక టీచరు గారి ముందు కూర్చున్నాను.

నా లెక్క ప్రకారం ఇది చిటికెల పని. వలంటే కళ్ళు. మేజోడంటే ఇంకా చిన్న కళ్ళు. అయిదు వేళ్ళు పట్టే వల, అంతే కదా! టీచరు గారు చూపిస్తానంటుంటే, "ఎందుకండీ మీకు శ్రమ, వచ్చేవారం జత తెచ్చి చూపిస్తాను" అని ఆవిడిచ్చిన నూలు చుట్ట, అదే చిలప, చంకన పెట్టుకుని రైలెక్కేశాను. ఇంటికొచ్చి సన్నటి వెదురు బద్ద చెక్కి, వల అల్లినట్టే అల్లాను. కన్ను కన్నుకీ ముడి. ముడి వేయందే చెయ్యి ముందుకి కదలదు నాకు. తయారయ్యాక చూస్తే ఎంత ముద్దొచ్చిందో. అచ్చం మేజోడే.

టీచరు గారు దాన్ని తిప్పి చూసి, "వేసుకో" అన్నారు.

"నాకు కాదండీ, మా ఆవిడకి..."

"ముందు నువ్వు వేసుకుని, ఆ గుమ్మం దాకా నడిచి రా."

నడిచాను. గుమ్మం దాకా వెళ్ళాను కానీ మామూలుగా రాలేకపోయాను. బెరుకు పెళ్ళికూతురిలా మునివేళ్ళ మీద వచ్చాను. నత్తగుల్లల మీద నడిచినట్టుంది. ప్రతి ముడీ పాదంలో తన పేరు రాసింది.

"ముడెందుకు వేశావు?"

"వెయ్యకపోతే ఊడిపోదా అండీ?"

"ఒక లూపుని ఇంకో లూపు పట్టుకుంటుంది. దాన్ని పైది పట్టుకుంటుంది. ఊడదు."

"అలా ఒకరినొకరు పట్టుకుని నిలబడటం మా మత్స్యకారుల సొసైటీ మీటింగులోనే చూడలేదండీ, నూలు పోగులు నిలబడతాయా?"

ఆవిడ నవ్వలేదు. నా జోకులకి నవ్వని మనిషిని ఎదుర్కోవడం నాకు కొత్త. "విప్పు" అన్నారు.

ఆ మాట ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో. ముడులు విప్పడానికే ఒక పూట పట్టింది. ఆ తర్వాత నాలుగు సన్నటి సూదులు చేతికిచ్చారు. మూడింటి మీద కళ్ళు నిలబడి ఉంటాయి. నాలుగోదానితో అల్లుకుంటూ గుండ్రంగా తిరగాలి. ఒక సూది మీద పని చేస్తుంటే పక్క సూది జారుతుంది. అది పట్టుకుంటే ఇటుది జారుతుంది. ఎండ్రకాయల బుట్ట మూత తీసినట్టు ఉంటుంది వ్యవహారం. కన్ను ఒకటి జారిందంటే నిచ్చెన మెట్లలా కిందిదాకా ఊడుకుంటూ పోతుంది. "చూశారా, ముడి ఉంటే ఇలా అయ్యేదా?" అని నేను. "విప్పు" అని ఆవిడ.

రైల్లో కూడా అల్లుతుండేవాణ్ణి. బందరు నుంచి గుడివాడ దాకా జనానికి నేనే కాలక్షేపం.

"ఏంటి మావయ్యా, కాశ్మీరు ప్రయాణమా?" అని ఒక కుర్రవాడు.

"గుడివాడేరా. అక్కడ చలి ఎక్కువ. మా టీచరు గారు నవ్వరు."

ఇంట్లో సంగతి మాత్రం నవ్వులాటలా లేదు. మా ఆవిడ పాదాలు మెల్లగా మానుతున్నాయి. అది సంతోషం. అవి మానేకొద్దీ దాని చూపు నా సూదుల మీద పడుతోంది. అది ప్రాణసంకటం. మందు పని మందు చేసుకుపోతోంది, మిగిలింది నేనే.

"ఎంతదాకా వచ్చింది బావా?"

"చీలమండ దాకా."

"మొన్నా చీలమండే అన్నావుగా?"

"అది విప్పిన చీలమండ. ఇది కొత్త చీలమండ."

మధ్యలో నేను చేసిన ఇంకో తెలివైన పని కూడా చెప్పుకోవాలి. టీచరు గారి నూలు మరీ మెత్తన. గట్టిగా లాగితే తెగుతుంది. ఇలాంటి దారంతో వల కడితే చేపలు నవ్వుకుంటూ వెళ్ళిపోతాయి. అందుకని ఇంటి దగ్గర దానికి నా చేత్తో ఇంకాస్త పురి పెట్టాను, వల తాడుకి పెట్టినట్టు. దారం గట్టిపడింది, నిజమే. కానీ చెయ్యి వదిలితే చాలు పంది తోకలా చుట్టుకునేది. దాంతో అల్లిన మేజోడు నిటారుగా రాకుండా కాలి చుట్టూ మెలి తిరిగింది. మడమ ఉండాల్సిన చోట మడమ లేదు, పక్కకి వెళ్ళి కూర్చుంది. మా ఆవిడ దాన్ని ఎత్తి పట్టుకుని, "ఇది వేసుకుంటే నేను షెడ్డుకి బయలుదేరి గుడివాడ వెళ్తాను బావా" అంది.

విప్పాను. చెప్పించుకోకుండా నేనే విప్పాను.

ఎలాగో ఒకలాగ, టీచరు గారి నూలుని టీచరు గారి నూలులాగే ఉండనిచ్చి, ఒక జత పూర్తి చేశాను. అందులో నాకు అచ్చొచ్చింది మడమ ఒక్కటే. అక్కడ కళ్ళు తగ్గించుకుంటూ వెళ్ళి మళ్ళీ కలుపుకుంటూ రావాలి. విసురు వలకి గుండ్రం రావాలంటే కళ్ళు పెంచుకుంటూ వెళ్ళమూ? ఇదీ అంతే. ఒక్కసారికే వచ్చేసింది. గర్వంగా చూపిస్తే టీచరు గారు వేలు పెట్టి కొలిచి, "మడమ బాగుంది. ఇద్దరికి సరిపోతుంది" అన్నారు. అయినా విప్పమనలేదు. ఆవిడ దగ్గర అది బిరుదు కింద లెక్క.

అక్కడితో ఇంటికి వెళ్ళుంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. నాకు వల కట్టడం నేర్పిన పెదనాన్న దివిసీమలో సముద్రం అంచున ఉంటాడు. ఈ జత ఆయనకి చూపించాలని బుద్ధి పుట్టింది. మరునాడే అవనిగడ్డ బస్సెక్కాను.

పెదనాన్న ఇంట్లో నూలు వలల కాలం నాటి సామాను ఇంకా అటక మీదే ఉంది. ఆయన మేజోళ్ళని వెలుతురుకి పెట్టి చూశాడు. "ఇదేం వల్రా? చేప పిల్ల తలకాయ కూడా దూరదు."

"వల కాదు పెదనాన్నా, కాళ్ళకి. మీ కోడలు బూట్లలో ఏసుకోవాలి. రోజంతా ఐసు నీళ్ళలో నుంచుంటది."

"నీళ్ళలో అంటన్నావు. నూలంటన్నావు. కషాయం పట్టిచ్చావా?"

ఆ ఒక్క మాటతో నా బుర్ర మా తాతల దగ్గరికి వెళ్ళిపోయింది. వెనకటి రోజుల్లో నూలు వల నీళ్ళలోకి దిగే ముందు తుమ్మ చెక్క కషాయంలో ఉడకాల్సిందే. లేకపోతే ఉప్పునీళ్ళకి వారానికి కుళ్ళిపోతుంది. మా నాన్న, పెదనాన్న అరుగు మీద పెద్ద కాగు పెట్టి, వల ముదురు రంగు తిరిగేదాకా కాచేవాళ్ళు. ఇంత కష్టపడి అల్లింది వారం రోజులకి కుళ్ళిపోతే? మళ్ళీ సూదులు, మళ్ళీ గుడివాడ, మళ్ళీ "విప్పు"! ఆ భయంలో డాక్టరు గారి మాట గుర్తుకే రాలేదు. తుమ్మ బెరడు పెదనాన్నే కొట్టుకొచ్చాడు. కాగు కూడా ఆయనదే. నీళ్ళు మసలుతుంటే మేజోళ్ళు రెండూ అందులో వేసి, "నూలు నీళ్ళలోకి దిగాలంటే ముందు కషాయం తాగాలిరా" అని పాత రోజులు తలుచుకుంటూ కర్రతో తిప్పాడు.

ఆరాక తీసి చూశాను. ఇటిక రంగు. గట్టిదనం చెప్పక్కర్లేదు. నేల మీద పెడితే లోపల కాలు లేకుండానే నిలబడ్డాయి.

ఇంటికి తెచ్చి మా ఆవిడ ముందు నిలబెట్టాను. నిజంగానే నిలబెట్టాను, అవే నిలబడ్డాయి కాబట్టి. అది వంగి చూసింది. ఒకదాని మీద వేలితో కొట్టింది. టక్కుమంది. కాలు పెట్టబోతే సగం దాకా వెళ్ళి ఆగింది. ఉడికి చిక్కిపోయాయి కూడా.

"డాక్టరు గారు రంగు వద్దన్నారుగా బావా?"

"ఇది రంగు కాదే, కషాయం."

"నన్ను సముద్రంలోకి దింపుతున్నావా?"

నేను ఇంకో జోకు వెతుక్కుంటున్నాను. అది నా మొహం వైపు చూడకుండానే అంది: "పొద్దున షెడ్డు నుంచి ఫోనొచ్చింది. చెరువులు పట్టడం మొదలెట్టారంట. శనివారం రాకపోతే ఆ బల్ల ఆ కొత్తావిడకే రాసేస్తారంట."

అని గిన్నె ముందుకి లాక్కుని ఉల్లిపాయలు తీయడం మొదలుపెట్టింది. పొద్దున సైజులు తీసిన ఉల్లిపాయలే. మళ్ళీ కలిపేసి, మళ్ళీ తీస్తోంది. నేను జోకు వెతకడం మానేశాను. మా ఇంట్లో అది పండగ లాంటి విశేషం. ఎవరూ జరుపుకోలేదు.

మర్నాడు పొద్దున్నే గుడివాడలో ఉన్నాను. టీచరు గారు మేజోడుని బల్లకేసి తట్టి చూశారు.

"కాళ్ళకా, తలుపు కొట్టడానికా?"

"నవ్వండమ్మగారూ, మీరైనా నవ్వండి. ఇంట్లో నవ్వేవాళ్ళు లేరు."

ఆవిడ నవ్వలేదు. కూర్చోమని మంచినీళ్ళిచ్చారు. నూలు అడిగాను. చిలపలు అయిపోయాయట. ఆవిడకి భుజం పట్టేసి రాట్నం తిప్పడం లేదట. వడకడానికి చుట్టిన దూది ఏకులు మాత్రం డబ్బా నిండా ఉన్నాయి. "నువ్వే వడుక్కో" అన్నారు.

"నేనా? నా చేతిలో పడితే పోగు కాస్తా మోకవుతుందండీ. మా వంశంలో మెత్తగా చేసిన వస్తువు ఒక్కటీ లేదు."

"మీ ఆవిడ కాళ్ళు మెత్తగా ఉన్నాయి కదా. వాటి కోసం."

అక్కడే వరండాలో కూర్చోబెట్టి కదురు చేతికిచ్చారు. కదురు నాకు కొత్త కాదు. మా నాన్న తొడ మీద దొర్లించి జనపనార వడకడం చూస్తూ పెరిగాను. అదే వచ్చిన చిక్కు. కదురు తిరగగానే నా వేళ్ళు మా నాన్న వేళ్ళయిపోతాయి. బిగించు, ఇంకా బిగించు, పడవ నీ పురి మీదే ఉంది అంటాయి. టీచరు గారు పక్కనుంచి, "వదులు. ఏకు దానంతట అదే వస్తుంది. లాక్కురాకు" అంటారు. వదిలితే పోగు తెగుతుంది. బిగిస్తే ముడుచుకుంటుంది. తెగినప్పుడల్లా ఆవిడ విసుక్కోకుండా, "మళ్ళీ" అంటారు. ఆవిడ విసుక్కోకపోవడం చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది. తిట్టినా బాగుండు, తిరిగి ఒక మాట అనేవాణ్ణి.

ఎప్పటికో ఒక బారెడు పోగు మెత్తగా వచ్చింది. అక్కడక్కడ గొంగళిపురుగంత లావు, అక్కడక్కడ వెంట్రుకంత సన్నం. అయినా మెత్తగా వచ్చింది. రెండు పోగులు కలిపి వాటికి ఎదురు పురి పెట్టాం. చెంపకి ఆనించి చూసుకున్నాను. ఇది నా చేత్తో చేసిందంటే మా నాన్న నమ్మడు, పైగా కషాయంలో వేస్తాడు.

నూలు ఎలా ఉంటే మేజోడు అలా ఉంటుంది. నా మేజోళ్ళు గుంటలు మిట్టలుగా వచ్చాయి. ఒకటి కాస్త పొడుగు, ఒకటి కాస్త పొట్టి. పట్టీ దగ్గర రబ్బరు లేకుండా కాలికి నిలిచే అల్లిక మాత్రం టీచరు గారు తన వేళ్ళతో నా వేళ్ళు పట్టుకుని నేర్పారు. శుక్రవారం నాటికి రెండో మేజోడు మడమ దాటాను. అక్కడ సన్నం చోట పోగు తెగింది. పోగు తెగితే ముడి వేయకూడదు. రెండు కొసలు పక్కపక్కన పెట్టి, రెండింటినీ కలిపి నాలుగు కళ్ళు అల్లితే అవే పట్టుకుంటాయని టీచరు గారు ఎప్పుడో చెప్పారు. అలాగే అల్లాను. చూస్తే బాగానే ఉంది. లాగి చూశాను, బాగానే ఉంది.

శనివారం పొద్దున్నే వ్యాను వచ్చింది. మేజోళ్ళు తొడుక్కుని, బూట్లు వేసుకుని, మా ఆవిడ అరుగు దిగి నాలుగడుగులు వేసింది. కుంటలేదు. వెనక్కి తిరిగి చూడనూ లేదు. అంత తొందరలో ఉంది.

ఆ రోజు ఒక వల బాగుచేద్దామని కూర్చుని, వేసిన ముడే మళ్ళీ వేశాను. ఫోను మోగితే ఉలిక్కిపడ్డాను. మధ్యాహ్నానికి అది ఇంటికి రాలేదంటే పని చేస్తోందన్నమాట. లేదా బూటు తీయలేక ఎక్కడో కూలబడిందన్నమాట. సాయంత్రం వ్యాను ఆగిన చప్పుడైతే లేచి ఎదురెళ్ళకుండా, పనిలో ఉన్నట్టు నటించాను.

అరుగు మీద కూర్చుని బూట్లు లాగింది. మేజోళ్ళు తడిసి బరువెక్కి జారాయి. వాటిని చేతిలోకి తీసుకుని ఒక్క చూపు చూసి, "ఎడమది పెద్ద ట్రే, కుడిది చిన్న ట్రే" అంది. బల్ల తన దగ్గరికి వచ్చిందని ఆ గొంతులోనే తెలిసింది.

"ఆ కొత్తావిడేమంది?"

"పక్కకి జరిగింది. రోజంతా నా పక్కనే నుంచుని చూసింది, ఎప్పుడు కూలబడతానా అని."

పాదాలు చూశాను. పట్టీ దగ్గర గీత లేదు. వేళ్ళ మధ్య ఎరుపు లేదు. గాలి పీల్చుకున్నాను. అప్పుడు అది కుడి కాలు ఎత్తి తిప్పింది. మడమ పక్కన శనగగింజంత మచ్చ, ఎర్రగా కమిలి ఉంది.

"ఇక్కడేం పెట్టావు బావా?"

నాకు తెలుసు అక్కడేం ఉందో. తెగిన పోగుని టీచరు గారు చెప్పినట్టే కలిపాను. కలిపాక, లోపలి వైపు, ఎవరికీ కనపడకుండా, ఒక్క చిన్న ముడి కూడా వేశాను. ఎందుకు వేశావంటే ఏం చెప్పను? రోజంతా నిలబడే కాలు. ఒక్క పోగు జారితే నిచ్చెనలా మొత్తం ఊడిపోతుందేమోనని భయం.

"మధ్యలో తీసి సవరించుకోవాల్సింది కదే?"

"సవరించుకోవాలంటే బూటు తియ్యాలి. బూటు తియ్యాలంటే బల్ల వదలాలి. ఆవిడ పక్కనే ఉందని చెప్పాగా?"

అంటే తెల్లారి ఎక్కిన వ్యాను సాయంత్రం దించేదాకా నా ముడి మీద నిలబడి రొయ్యలు తీసింది. తిడుతుందేమోనని చూశాను. మేజోడు నా ఒళ్ళో పడేసింది.

"విప్పు" అంది. అచ్చం టీచరు గారి గొంతే.

వేళ్ళ కొస దగ్గర మొదలుపెట్టాను. తడి నూలు కష్టం మీద ఊడొస్తోంది. నేను వడికిన గొంగళిపురుగులన్నీ ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. పాదం మధ్య దాకా వచ్చాను, మడమ దగ్గరికి వచ్చాను, అక్కడ దారం ఆగిపోయింది. లాగాను. మా నాన్న నేర్పిన ముడి అది. లాగేకొద్దీ బిగుస్తుంది.

"కత్తెర ఇవ్వవే."

"కత్తెరేస్తే నూలు తరిగిపోదా? గోళ్ళతో తియ్యి" అని, నూనె రాసుకున్న కాళ్ళు నా ముందు చాపుకుని కూర్చుంది. "తొందరేం లేదు బావా. షెడ్డు రేపు సెలవు. సోమవారం దాకా టైముంది."